నాలుగు నాలుకలు

జూన్ నెల. చిత్తూరు బైపాసు మీద
బెంగుళూరా కాయల ట్రాక్టర్లు
నిన్న సాయంత్రం నుంచీ నిలబడే ఉన్నాయి.
టార్పాలిన్ల కింద కాయలు పండి, కారి,
రోడ్డంతా ఈగలు.
రేటు అడిగితే గేటు దగ్గర అదే మాట:
"పక్క ఫ్యాక్టరీ ఏం జెప్తే మాదీ అదేనబ్బా."

లోపల, గుజ్జు ల్యాబులో
మేం ఐదుగురం.
ఒకటే స్టీలు బల్ల, ఐదు స్టూళ్లు,
మోచేతికి మోచెయ్యి తగులుతా.
కప్పుల మీద పేర్లుండవు, అంకెలే.
చెంచాకీ చెంచాకీ నడుమ
గోరువెచ్చని నీళ్లు, రవన్ని బొరుగులు,
పాత రుచి కొత్తదానికి అంటకూడదని.

ఆరు వందల ముప్పై ఎనిమిది.
నాలుక మీద పెట్టగానే
వెనక యాడనో, కొండనాలిక దగ్గర,
తుప్పు పట్టిన కుళాయి తిప్పినట్టు.
కొత్త పద్ధతిలో నిలవ చేసిన గుజ్జు అది.
పద్ధతి చెంగల్రాయులు సారుది.

సారు కళ్లు మూసుకొని
"ఊఁ" అన్నాడు.
అంతే. మాట కూడా కాదు.
ఆ "ఊఁ"కి మా ల్యాబులో పద్దెనిమిదేళ్ల సర్వీసు.
మునిరత్నం తల ఊపినాడు.
అముద "తేడా ఏం తెలీలా సార్" అనింది.

నేను అప్పటికే మూడు వేసి ఉన్నాను.
చెరిపే పని కూడా పడలేదు.
3కి ఎడమ పక్క మూసేస్తే
8.

నిజం చెప్తున్నా, ఆ తర్వాత ఇంకో చెంచా తిన్నాను.
తుప్పు లేదు.
తియ్యగానే ఉండింది.

షంషాద్ కొత్తది, చేరి పదకొండు రోజులు.
పలమనేరు బస్సులో వచ్చిపోతుంది.
ఆమె కాగితం మీద మూడు, మూడు లాగే ఉంది.
"కొత్త నాలుక గదా," అన్నాడు సారు, కోపమేం లేకుండా,
"ఇంకా పదును పట్టలా."
వ్యాసంలోకి ఆ అంకె ఎక్కలేదు.
రుచి చూసినవారు: నలుగురు.
ఏకాభిప్రాయం: నూటికి నూరు.

నలుగురితో నారాయణా అంటారే,
నారాయణ సంగతి నాకు తెలీదు గానీ
ఆ నలుగురిలో నేనొకదాన్ని.

ఆ రాత్రి పప్పు వడ్డిస్తా మా ఆయన్ని అడిగినాను,
ఉప్పు సరిపోయిందా అని.
"నువ్వే చూసి చెప్పు, నీ ఉద్యోగమే అది గదా" అన్నాడు.
చూసినాను.
చెప్పలేకపోయినాను.

ఆగస్టులో పత్రిక నుంచి జవాబొచ్చింది.
వ్యాసం చదివి తీర్పు చెప్పిన ఇద్దరిలో
మొదటివారు: "ప్రశంసనీయం. ఈ బృందం పనితీరు తెలిసినదే."
రెండోవారు, ఊరూ పేరూ లేని మనిషి,
ఒకటే వాక్యం:
"రుచి చూసినవాళ్ల మధ్య అడ్డుగోడలు ఉన్నాయా?"

సారు కాగితం బల్ల మీద పరిచి
అందరి మొహాలూ చూసినాడు.
"ఏమంటారు? ఉండాయని రాసేద్దామా?
ప్లైవుడ్డే గదా, రేపు కొట్టిస్తే ఉన్నట్టే."
మునిరత్నం తల ఊపినాడు.
అముద నవ్వింది.
నా తల
నాకంటే ముందే ఊగింది.
షంషాద్ సింకు దగ్గర చెంచాలు కడుగుతా ఉంది.
ఆమెని ఎవరూ అడగలేదు.

టైపు కొట్టాల్సింది నేనే.
సీజను అయిపోయింది, గేటు బయట రోడ్డు ఖాళీ,
టెంకల గుట్ట మీద వాన.
ఐదున్నరకి అందరూ పోయినారు.
జవాబు గడిలో
రెండే అక్షరాలు కొట్టినాను: లేవు.

కొట్టి,
పంపే మీట మీద వేలు పెట్టి,
ఎవరూ లేని గదిలో
కుడి పక్క చూసినాను.
ఎడమ పక్క చూసినాను.
కొండనాలిక దగ్గర
ఎవరో మెల్లగా
కుళాయి తిప్పుతున్నారు.